కంచె పువ్వు చేదు

ఇంట్లో ఉన్న కప్పులన్నీ బల్ల మీదికి చేరాయి. పిడి విరిగినవీ, అంచు పగిలినవీ, పెళ్లికి వచ్చిన సెట్టులో మిగిలిన ఒంటరి కప్పూ కూడా. ఇర్మా కాయూన్ మొదటిదాంట్లో బీరుకి చేదునిచ్చే ఎండు హాప్ పువ్వు ఒకటి వేసింది. తర్వాతిదాంట్లో రెండు, ఆ పక్కన మూడు. చివరి కప్పు దగ్గరికి వచ్చేసరికి లెక్క మానేసి చిటికెడు తీసి వేసేసింది. అన్నిట్లోనూ మరిగే నీళ్లు పోసి సాసర్లు మూతపెట్టింది. వంటింట్లో పచ్చిగడ్డి, నారింజ తొక్క కలిసినట్టు ఒక వాసన లేచింది.

ఆమె భర్త అన్సెల్మో గరాజులోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"ఏంటే ముసలీ, ఊరందరికీ టీ పార్టీనా?"

"చేదు చూస్తున్నా. కూర్చో, నువ్వూ తాగు."

"కషాయాలు తాగడానికి నాకేం కడుపునొప్పి లేదు."

అంటూనే కూర్చున్నాడు. హాప్ వాసన ఉన్నచోట కూర్చోకుండా ఉండటం అన్సెల్మో వల్ల కాదు. ఆ కొండల ఊరు ఎల్ బొల్సోన్‌లో ఇంటి బీరు కాయని వీధి లేదు. వాళ్లందరిలోనూ అన్సెల్మో బీరంటే ఒక పేరుంది. ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా ఒక పెట్టె అక్కడికి వెళ్లాల్సిందే. ఆ సీసాలు కడిగేదెవరని ఎవరూ అడగలేదు. బీరు తాగేవాడికి సీసా ఎలా శుభ్రపడిందన్న ఆలోచన ఎందుకు వస్తుంది?

ఇర్మా ఒక్కో కప్పూ ఎత్తి, ఒక గుక్క తీసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని మింగింది. మొదటి రెండు కప్పుల్నీ పక్కకి నెట్టేసింది. చివరిదాని దగ్గర ఆగింది. మళ్లీ తాగింది. దవడలు బిగుసుకున్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే," అంది.

అన్సెల్మో ఆ కప్పు అందుకుని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు. లేచి వెళ్లి సింకులో ఉమ్మేశాడు.

"నీకేమైనా పిచ్చా? పేల్ ఏల్ చేస్తావా, పేలకి మందు చేస్తావా?"

"కోతలప్పుడు మధ్యాహ్నం రొట్టె తింటాం చూడు, ఆ చేదు ఇదే. నాకు అది కావాలి."

"చేతులు కడుక్కోకుండా తింటే వచ్చే చేదా?"

"కడిగినా పోదు. నువ్వెప్పుడైనా యంత్రం దగ్గర నిలబడితే తెలిసేది."

హాప్ తోటలో కోతలు మొదలైతే ఆడవాళ్లు యంత్రం బెల్టుకి రెండు పక్కలా నిలబడి, పువ్వుల మధ్య వచ్చే ఆకులూ పుల్లలూ ఏరిపారేస్తారు. పువ్వు జిగురు చేతికంటి నల్లగా పట్టేస్తుంది. సబ్బుకి లొంగదు, ఇసుకకి లొంగదు. ఆ చేతుల్తో విరిచిన రొట్టె ఎంత తెల్లగా ఉన్నా నోట్లో పెట్టుకుంటే చేదే. ఇర్మా మొదటిసారి ఆ రొట్టె తిన్నది తన తల్లి చేతిలోంచి. మొహం చిట్లించి ఉమ్మబోతే ఆమె నవ్వింది. ఇప్పుడు ఆ తల్లి లేదు, చేదు మాత్రం ప్రతి కోతలకీ వస్తుంది.

"చూడు," అన్నాడు అన్సెల్మో, చదువు చెప్పేవాడి గొంతుతో. "కొట్లో కొన్న పువ్వుకి ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది. అంత చేదని. ఆ అంకె కంప్యూటర్లో కొడితే బీరు ఎలా వస్తుందో అదే చెప్పేస్తుంది. నీ పువ్వు కోళ్ల కంచె మీద కాసింది. దానికి అంకె ఎక్కడుంది?"

"నాలిక మీద."

"ఎన్ని గ్రాములు వేస్తావట?"

"ఎనిమిది గుప్పెళ్లు. నా గుప్పెడు."

"గుప్పెళ్లట!" అని అన్సెల్మో పైకప్పుకేసి చూసి నవ్వాడు. ఆ నవ్వులో వెక్కిరింత ఎంతో ముద్దూ అంతే. అందుకే ఇర్మాకి దానిమీద కోపగించుకోవడం ఎప్పుడూ చేతకాలేదు.

ఇర్మా ఈ ఏడు చేరిన ఊరి బీరు క్లబ్బుకి ఒక రివాజుంది. కొత్తగా చేరినవాళ్లు మొదట పేల్ ఏల్ అనే లేతరంగు బీరు‌తోనే మొదలుపెట్టాలి. నల్లబీరయితే మాడిన వాసన మాటున తప్పులు దాచేయొచ్చు, దీంట్లో అలా కుదరదు. ఎవరిదో చెప్పకుండా అందరికీ పోస్తారు. అందరూ నోటికొచ్చినట్టు మాట్లాడాక, చేసినవాళ్లు లేచి నిలబడి ఎలా చేశారో పైకి చెప్పాలి. ఏం వేశాను, ఎంత వేశాను, ఎప్పుడు వేశాను. ఇన్నేళ్లూ ఇర్మా ఆ గదిలో వెనక గోడకి ఆనుకుని, ఖాళీ గ్లాసులు ఏరుతూ, ఒక్కొక్కరు లేచి చెబుతుంటే విన్నది. ఆమెకి కావలసింది ఎంతో లేదు. ఒక్కసారి అలా లేచి నిలబడి, ఇది నేను చేశానని చెప్పుకోవాలి. అంతే.

"సరే," అన్నాడు అన్సెల్మో చివరికి. "నీ కుండ, నీ ఇష్టం. నేను చెయ్యి పెట్టను."

"ఒట్టు?"

"ఒట్టేనే, తల్లీ!"

*

శనివారం పొద్దున్నే షెడ్డులో పెద్ద గ్యాస్ పొయ్యి వెలిగించింది ఇర్మా. వేడినీళ్లలో మాల్ట్ బార్లీ పోసి తెడ్డుతో కలిపింది. కొండనీళ్లు, ఆ ఉదయమే పట్టినవి. ఉడికే బార్లీ వాసనకి కోళ్లు కంచె దగ్గరికి వచ్చి మెడలు చాచాయి. ఉండలు కట్టకుండా, అడుగంటకుండా కిందినుంచి నెమ్మదిగా తిప్పుతూనే ఉంది. భుజం లాగుతోంది. ఈ పని ఎన్నోసార్లు చేసిన చెయ్యే, కానీ ఎప్పుడూ అన్సెల్మో చెప్పినట్టు చేసిన చెయ్యి. ఈ పూట ఎవరూ చెప్పడం లేదు. అన్సెల్మో మూలన స్టూలు మీద కూర్చుని గొట్టంతో మాతే ఆకు టీ పీలుస్తూ, నోరు తెరవబోయి మూసుకుంటూ ఉన్నాడు. అతను నోరు మూసుకోవడానికి పడుతున్న అవస్థ చూస్తే ఇర్మాకి నవ్వొచ్చింది.

"చెప్పెయ్. లేకపోతే పగిలిపోయేలా ఉన్నావు."

"నేనేం అనలేదే. బాగుంది. మంట కొంచెం... ఏం లేదు, బాగుంది."

పాత కర్టెన్ గుడ్డతో ఆమె మూడు సంచులు కుట్టింది. పెద్దదాంట్లో కంచె పువ్వులు, ఎనిమిది గుప్పెళ్లూ. ఇంట్లో ఉన్న డబ్బా మొత్తం బోర్లించి వేసింది, ఒక్క పువ్వు మిగల్లేదు. అది వడకట్టిన బార్లీ రసం మరుగు పట్టగానే పడాలి, చివరిదాకా ఉడకాలి. చేదంతా దానిదే. మిగతా రెండూ చిన్నవి, వాసన కోసం, కొట్లో కొన్న హాప్ పచ్చగుళికలు. వాటిని ఆఖర్న వేస్తే చాలు. మూడింటినీ మూతి బిగించి, గోడకున్న మేకులకి వరసగా తగిలించింది.

రసం వడకట్టి, మళ్లీ పొయ్యెక్కించి, ఇక మరుగుతుందనగా వీధిలోంచి కేక వినిపించింది. పక్కింటి జులేమా. కోతల్లో ఇర్మా పక్కన నిలబడేది ఆమే. గొంతు ఆ లోయ చివరిదాకా వినిపిస్తుంది.

"ఇర్మా! మేస్త్రీ తోట గేటు దగ్గర కోతలకి పేర్లు రాసుకుంటున్నాడే! మనిషి కళ్లముందు కనబడితేనే రాస్తాట్ట! ఇప్పుడు రాకపోతే నీ చోటు ఇంకెవత్తెకో ఇచ్చేస్తాడు!"

ఇర్మా కుండ వైపు చూసింది. అంచుల వెంట చిన్న చిన్న బుడగలు మొదలయ్యాయి.

"వెళ్లిరా," అన్నాడు అన్సెల్మో లేస్తూ. "మరుగు రాగానే పెద్ద సంచి. అంతేగా? ఆమాత్రం నాకు చేతకాదా?"

"అంతే. ఇంకేం చెయ్యకు."

"ఇంకేం చేస్తాను?"

ఆమె ఏప్రాన్ విప్పకుండానే పరిగెత్తింది. మేస్త్రీ పేరు రాసుకుని, ఏప్రాన్ చూసి, "ఏంటి, వంట మధ్యలో వచ్చావా?" అంటే, "బీరు మధ్యలో," అని చెప్పింది. గర్వంగానే చెప్పింది. తిరిగొచ్చేసరికి రసం కుతకుతా ఉడుకుతోంది. పెద్ద సంచి అందులో పైకీ కిందికీ తేలుతోంది. అన్సెల్మో తెడ్డు పట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు.

మిగతాదంతా అనుకున్నట్టే జరిగింది. చిన్న సంచులు వేసింది, రసం చల్లార్చింది, డబ్బాలోకి వంచి ఈస్ట్ చల్లింది. నడుం పట్టేసి గోడకి చేరగిలబడింది. షెడ్డు నిండా జిడ్డు పాత్రలు. అవి చూస్తేనే నీరసం వచ్చింది.

"నువ్వు కూర్చో," అన్నాడు అన్సెల్మో. "ఈ పూట నేను కడుగుతా."

ఇర్మా నమ్మలేదు. అతను నిజంగానే చొక్కా చేతులు మడిచాడు. సంచులు తీసి, పిప్పి కోళ్ల దొడ్డి అవతల పారబోసి, గుడ్డలు పిండి తీగ మీద ఆరేశాడు. కుండ బోర్లించి గీకి గీకి కడిగాడు. నీళ్లు సగం బూట్ల మీదే పోసుకున్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, అతను వదిలిన మాతే పీలుస్తూ, చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి ఇంత మంచివాడని ఎప్పటినుంచో తెలుసు కానీ, అతను అది చూపించడం ఇవాళే చూశాననుకుంది. సాయంత్రం కంచె అవతల బట్టలు తీస్తున్న జులేమాకి చెప్పకుండా ఉండలేకపోయింది.

"కుండ తనే కడిగాడే! సంచులతో సహా!"

"జ్వరం ఏమైనా వచ్చిందేమో చూడు," అంది జులేమా.

*

బీరు పులిసి సీసాల్లోకెక్కాక, క్లబ్బులో రుచి చూసే సాయంత్రానికి ముందురోజు, ఇర్మా క్లబ్బుకి తీసుకెళ్లడానికి కజ్జికాయల్లాంటి ఎంపనాడాలు చేద్దామని, లోపల కూరే మాంసం కోసం ఫ్రీజర్ తెరిచింది. పైన రొట్టెలు, కింద బఠాణీలు, ఆ కింద కుక్క కోసం దాచిన గొర్రె ఎముకల మూట. ఆ మూట ఎత్తితే అడుగున కాఫీ పొడి సీసా దొరికింది. ఇంట్లో కాఫీ పొడి ఫ్రీజర్లో ఎవరూ పెట్టరు.

మూత తిప్పకముందే తెలిసిపోయింది. మూత తిప్పాక, వేళ్లకి అంటిన పువ్వుల పసుపుపచ్చ పొడి ముక్కు దగ్గర పెట్టుకున్నాక, ఇంక తెలియనట్టు నటించడానికి దారి లేకపోయింది. కంచె పువ్వులు. కొట్లో గుళికలు కావు, యంత్రం కోసినవి కావు. తను కోసి, అటక మీద దుప్పటి పరిచి ఆరబెట్టినవి. గుప్పెళ్లతో కొలిచి చూసింది. నాలుగు.

ఫ్రీజర్ తలుపు తెరిచే ఉంది, కాళ్ల మీదికి చలి దిగుతోంది. సంచులు ఎందుకు తనే పిండాడో, పిప్పి ఎందుకు తనే పారబోశాడో, ఒకదాని వెనక ఒకటి అన్నీ తెలిసొచ్చాయి. సగం ఖాళీ అయిన సంచి ఆమె చేతికి వస్తే బరువులోనే తెలిసిపోతుంది మరి. అంత తెలివైనవాడు ఆ నాలుగు గుప్పెళ్లూ కోళ్ల దొడ్డిలో పారేసి ఉంటే పీడా పోయేది. కానీ పారేయలేడు. బీరు చేసేవాడికి మంచి పువ్వు పారేయడానికి చెయ్యి రాదు. ఆ ఊళ్లో ఎవరికీ రాదు. అబద్ధం ఆడగలిగాడు కానీ పువ్వు పారేయలేకపోయాడు.

ఆమె సీసాని ఉన్నచోటే పెట్టి, ఎముకల మూట పైన పెట్టేసింది.

రాత్రి భోజనం దగ్గర మామూలుగానే అడిగింది. "ఆ రోజు నేను గేటు దగ్గరికి వెళ్లినప్పుడు పెద్ద సంచి మొత్తం వేశావు కదా?"

అన్సెల్మో సూప్‌లో రొట్టె నంజుకుంటున్నాడు. చెంచా ఆగలేదు.

"వేశానుగా. నువ్వే చూశావు కదా తేలుతుంటే."

"చూశాను," అంది ఇర్మా.

ఆ ఒక్క క్షణంలో అతను నిజం చెప్పి ఉంటే, కసిరినా తిట్టినా క్షమించేసేది. అలాంటి మనిషే ఇర్మా. కానీ అతను ఉప్పు అడిగాడు. ఆమె ఉప్పు అందించింది.

*

క్లబ్బు అంటే పెద్ద భవనమేం కాదు. దోన్ ఫెర్మీన్ వడ్రంగి షెడ్డు. ఆయనే క్లబ్బు పెద్ద. పనిబల్ల మీది రంపప్పొట్టు ఊడ్చి, గ్లాసులు పరిచి, ఆ సాయంత్రానికి దాన్నే క్లబ్బంటారు. ఎవరిదో చెప్పకుండా గోధుమరంగు సీసా తెరిచారు. బుస్సుమంది. తేనెరంగు, మీద తెల్లటి నురగ, నిలబడే నురగ.

ఇర్మా తన గ్లాసు అందరికంటే ముందు ఎత్తింది. మనసులో ఒక మూల ఇంకా ఆశ ఉంది. నాలుగు గుప్పెళ్లతోనే ఎలాగో ఆ చేదు వచ్చి ఉంటుందేమో, కంచె పువ్వు గట్టిది కదా అని.

రాలేదు. బార్లీ తియ్యదనం ముందు తగిలింది, తర్వాత నారింజ తొక్క, చివర్న చేదు ఇలా వచ్చి అలా పెద్దమనిషిలా సెలవు తీసుకుంది. దవడ బిగియలేదు. అమ్మ నవ్వలేదు. అన్నిటికంటే ఏడుపొచ్చే సంగతి, బీరు బాగుంది. చాలా బాగుంది.

"ఇది మొదటిసారి చేసినవాళ్ల చెయ్యి కాదు," అన్నాడు పోస్టాఫీసు బెనీతెస్, రెండో గ్లాసుకి చెయ్యి చాస్తూ. "ఎవడో పాతవాడు మనల్ని ఆటపట్టిస్తున్నాడు."

"కొత్తవాళ్లు చేదుతో భయపెట్టాలని చూస్తారు," అన్నాడు దోన్ ఫెర్మీన్. ఆయన మెల్లగా మాట్లాడతాడు, అందరూ ఆగి వింటారు. "ఈ చెయ్యి అలాంటిది కాదు. చేదుని ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడ కూర్చోబెట్టింది. ఈ ఏడు కోతల పండుగకి పెద్ద పీపాలో పోసేది ఇదే. ఎవరిదో లేవండి!"

అన్సెల్మో పక్కనుంచి ఆమె మోచేతిని మెల్లగా పొడిచాడు. అతని మొహం వెలిగిపోతోంది, కల్మషం లేకుండా. ఇర్మా లేచింది. చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. వెనక గోడ దగ్గర ఆమె ఎప్పుడూ నిలబడే చోటు ఖాళీగా ఉంది. అటే చూస్తూ మొదలుపెట్టింది.

మాల్ట్ ఎంతో చెప్పింది, నీళ్లు ఎక్కడివో చెప్పింది. ఎంత వేడికి ఆపిందో చెప్పింది. గొంతు నిలకడగానే ఉంది.

"మరుగు రాగానే పెద్ద సంచి. కోళ్ల కంచె మీది పువ్వు. నేను కట్టింది ఎనిమిది గుప్పెళ్లు." ఆగింది. "కుండలో ఎన్ని పడ్డాయో నేను చెప్పలేను. వేసింది అన్సెల్మో. ఆయన చెబుతాడు."

గదిలో అందరి తలలూ తిరిగాయి. అన్సెల్మో చెవులు ఎర్రబడ్డాయి. నవ్వబోయాడు, సగంలో మానుకున్నాడు, మళ్లీ నవ్వాడు.

"అంటే... నాలుగు. ఏం చెయ్యను, మీరు ఆ కషాయం రుచి చూడలేదు! ఎనిమిదీ వేస్తే గుర్రం కూడా తాగదు. ఈవిడ మీ అందరి ముందూ నవ్వులపాలవుతుందని... కొంచెం తీశాను."

 బెనీతెస్ బల్ల గుద్ది నవ్వాడు. "మొగుడు కాపాడాడురా!" ఇక అందరూ నవ్వారు. ఎవరిలోనూ చెడ్డతనం లేదు. అదే వాళ్లతో వచ్చిన చిక్కు.

"పెళ్లాం పరువు కోసం పువ్వు దొంగిలించినవాణ్ని నేను తప్పు పట్టలేను," అన్నాడు దోన్ ఫెర్మీన్. "చూడమ్మా ఇర్మా, తెలిసినవాడు పక్కనుండటం నీ అదృష్టం. మాకెవరూ లేరు అప్పట్లో."

"ఇది నా బీరు కాదు, దోన్ ఫెర్మీన్," అంది ఇర్మా. "నేను అనుకున్నది ఇది కాదు. ఆయనది. ఆయన పేరు రాసుకోండి."

"అదిగో, ఎంత వినయమో చూడండి!"

"వినయం కాదు. మీకు అర్థం కావడం లేదు."

"నీ పేరే రాస్తాం," అన్నాడు బెనీతెస్, అప్పటికే సుద్దముక్క పట్టుకుని. "ఇన్నేళ్లలో ఒక్క ఆడదాని పేరైనా పడలేదు ఈ బల్ల మీద. బాగుంటుంది."

నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ఇర్మా కాయూన్ అని రాశాడు. పక్కన ఒక హాప్ పువ్వు బొమ్మ కూడా గీశాడు. ఆమె ఇంకోసారి వద్దంది. గ్లాసుల చప్పుళ్లలో ఆ మాట ఎవరికీ వినిపించలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు ట్రక్కు మట్టిదారిలో నెమ్మదిగా నడిచింది. కొండ మీద ఇంకా కొంచెం వెలుతురుంది.

"నెగ్గావు కదే," అన్నాడు అన్సెల్మో, ఉండబట్టలేక. "ఇంకా ఎందుకలా మొహం గంటు పెట్టుకుంటావు?"

"ఎవరు నెగ్గారు?"

"అబ్బా! నీకోసమే కదా చేసింది. నువ్వు నవ్వులపాలైతే నేను చూడలేను."

"నాకోసమేనని తెలుసు. అందుకే నిన్ను తిట్టడానికి కూడా రావడం లేదు." ఇర్మా కిటికీ అద్దం వైపు తిరిగింది. "నవ్వులపాలవడం కూడా నా వంతే కదా అన్సెల్మో? దాన్నీ నువ్వే లాక్కున్నావు. సరే, పోనీ. కానీ ఆ రోజు కుండ నువ్వు కడిగితే, నేను వెళ్లి జులేమాకి చెప్పుకున్నాను. ఎంత మురిసిపోయి చెప్పుకున్నానో తెలుసా?"

ఆ మాటకి అన్సెల్మో గేరు మార్చాడు, మార్చాల్సిన అవసరం లేకపోయినా.

*

కోతలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం ఇర్మా వంటింటి తలుపు గడియ పెట్టుకుంది. సూప్ కాచే గిన్నె తీసింది. మాల్ట్ సగం, నీళ్లు సగం, గుళికలు సగం. ఫ్రీజర్ అడుగునుంచి కాఫీ సీసా తీసి, నాలుగు గుప్పెళ్లూ సంచిలో పోసి మూతి కట్టింది. అన్సెల్మో తలుపు తట్టాడు.

"ఏమైనా పట్టుకోవాలా?"

"అక్కర్లేదు."

"ఊరికే కూర్చుంటానే. నోరు మూసుకునే కూర్చుంటా."

"బయట కూర్చో."

అతను నిజంగానే బయట మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. కిటికీలోంచి అతని బట్టతల కనబడుతూనే ఉంది. జాలేసింది. జాలేసినా గడియ తియ్యలేదు. పని అయ్యాక గిన్నె తనే కడుక్కుంది.

కోతల ఆఖరి రోజు పండుగ తోటలోనే, పువ్వు ఆరబెట్టే కొట్టం ముందు పందిరి వేసి చేశారు. కోసిన గొర్రెల్ని ఇనప శిలువలకి కట్టి మంట చుట్టూ కాలుస్తున్నారు. అకార్డియన్ వాయిస్తున్నారు. పీపా పక్కన నల్లబల్ల, దాని మీద ఆమె పేరు, ఇంకా పెద్దగా. తాగేవాళ్ల వరస పొడుగ్గా ఉంది. మేస్త్రీ కూడా వచ్చి భుజం తట్టాడు. "నీ బీరు గొంతులో పాలలా దిగుతోంది ఇర్మా," అన్నాడు. పాలలా. ఆమె థాంక్స్ చెప్పింది. ఏం చెబుతుంది మరి?

కాసేపయ్యాక జులేమాని చెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి లాక్కెళ్లింది. పువ్వు మూటల నీడలో, చెక్కపెట్టె మీద ఇద్దరూ కూర్చున్నారు. ఇర్మా సంచీలోంచి సీసా తీసింది, పేరు చీటీ ఏమీ లేనిది. రెండు గ్లాసుల్లో పోసింది.

"ఇంకో పీపాలోదా?" అంది జులేమా. ఇర్మా ఒక గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. ముందే చెబితే లాభం లేదనుకుంది.

జులేమా పెద్ద గుక్కే తీసుకుంది, దాహంతో ఉంది. మొహం అంతా ముడుచుకుపోయింది. "అమ్మో! ఛీ! ఏంటే ఇది..." అని ఉమ్మడానికి పక్కకి వంగి, ఉమ్మకుండా ఆగిపోయింది. మింగింది. నోరు చప్పరించింది. గ్లాసుని అనుమానంగా చూసింది. తర్వాత గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. జిగురుతో నల్లబడ్డ చెయ్యి. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మన రొట్టె," అంది నెమ్మదిగా.

ఇర్మా తల ఊపింది.  మనసులో ఉన్నది ఇన్నాళ్లకి ఒక్క మనిషికి చేరింది. గదినిండా చప్పట్లు కొట్టినవాళ్లలో ఎవరికీ చేరనిది ఇదే. బీరు మాత్రం నిజంగానే మహా చేదుగా ఉంది. జులేమా గుక్క గుక్కకీ మొహం చిట్లిస్తూ, తిడుతూ, గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపింది. "ఇది ఇంకెవరికీ పొయ్యకు. చచ్చిపోతారు," అంది.

అన్సెల్మో వాళ్లని వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో కాల్చిన మాంసం పళ్లెం. ఇద్దరినీ చూశాడు, చీటీ లేని సీసాని చూశాడు. పళ్లెం పెట్టె మీద పెట్టి, అడగాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు.

"నాకూ కొంచెం పొయ్యవా?"

ఇర్మా తన గ్లాసులో ఉన్నదే అతని చేతికిచ్చింది. అన్సెల్మో తాగాడు. అతని దవడ బిగుసుకోవడం, కళ్లలో నీళ్లు తిరగడం ఆమె కళ్లారా చూసింది. ఈసారి ఉమ్మడానికి సింకు లేదు. కష్టపడి మింగాడు.

"ఏం వేశావే ఇందులో?"

"నువ్వు తీసేసింది."

అన్సెల్మో గ్లాసు అడుగుకేసి చూస్తూ నిలబడిపోయాడు. కొట్టానికి అవతల, పందిట్లో, ఇంకో గ్లాసు ఇర్మా కాయూన్ పొయ్యమని ఎవరో గట్టిగా కేకేస్తున్నారు.